మూఢంలో కొన్న బ్యాటరీ

ఆ కారులో ఇద్దరే పడతారు. అంత సొమ్ము పోసి ఇద్దరు కూర్చునే బండి కొనడమేమిటని చూసిన మొదటి రోజే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను. దానికి పైకప్పు లేదు. పొట్ట నేలకు ఆనుతుందేమో అన్నట్టు ఉండేది. ముందు దీపాలు రెండూ కళ్లలాగా బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. క్వారీల పని చూసే దొర ఒకడు, యుద్ధం అయిపోయాక సీమకు పోతూ పోతూ, దాన్ని మా సున్నపు బట్టీ యజమానికి అమ్మాడు. స్పోర్ట్సు కారు అంటారట. పిడుగురాళ్లలో మాత్రం అందరూ కప్ప కారనే అన్నారు.

మా ఆయన ఆ యజమాని దగ్గర లారీ డ్రైవరు. బట్టీ వెనక నాపరాళ్లతో కట్టిన గది ఒకటి మాకిచ్చారు. అంతకుముందు మేము వాగు పక్క గుడిసెలో ఉండేవాళ్లం. ఆ గుడిసెలో ఒక ముసురులో తడిసి, జ్వరం తగిలి, నా పెద్దపిల్ల పోయింది. అందుకని ఆ రాతిగది నాకు గది మాత్రమే కాదు. దాని నేలకు నేనే గచ్చు చేసుకున్నాను. తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలూ అందులో పొడిగా పడుకునేవాళ్లు. నాకు అది చాలు.

యజమాని కొడుక్కి పెళ్లి కుదిరింది. పిల్లది రాజుపాలెం అవతల ఒక ఊరు. పెళ్లికొడుకు ఆ కారులోనే ఊరేగాలని యజమాని పట్టు. కారు చూస్తే టార్పాలిను కింద ఏడాదిగా పడి ఉంది. ఇంజను బాగానే ఉందిగానీ బ్యాటరీ చచ్చిపోయింది. దొర ఉన్నప్పుడే దానికి నూకలు చెల్లాయని మా ఆయన అన్నాడు.

యజమాని మా ఆయన్ని పిలిచి, బట్టీ దగ్గర అందరి ముందే చెప్పాడు.

"ఒరేయ్, ఊరేగింపు సవ్యంగా జరిగిందా, లారీ నీదే, ఆ గదీ నీదే. నేనుండగా నిన్ను కదిలించేవాడు లేడు. నడిమధ్యలో ఆగిందా, తాళంచెవి గుమాస్తా చేతిలో పెట్టి నీ దోవ నువ్వు చూసుకో."

మా ఆయన తలూపాడు. తలూపడం ఆయనకు బాగా వచ్చు.

పెళ్లికి ఇంకా వారం ఉందనగా, సరుకులకూ బ్యాటరీకీ కలిపి లారీ గుంటూరు బయలుదేరింది. యజమాని ముందు కూర్చున్నాడు. సరుకులు ఎత్తడానికి, కాపలాకు నేనూ మరో ఇద్దరు ఆడవాళ్లమూ వెనక కూర్చున్నాం. అప్పుడు మూఢం నడుస్తోంది. మేము క్రీస్తును నమ్ముకున్నవాళ్లం, మాకు మూఢాలు లేవు. వాళ్లకు మాత్రం ఆ రోజుల్లో పెళ్లి లేదు, కొత్త బట్ట కట్టడం లేదు, కొత్త వస్తువు ఏదీ వాడకానికి ఎత్తడం లేదు. మూఢం పోయిన మర్నాడే పెళ్లి పెట్టుకున్నారు.

బ్యాటరీల దుకాణం ఒక సాయిబుది. నేను గడప బయట బెల్లం బుట్టల దగ్గర నిలబడ్డాను. లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి. సాయిబు బల్ల మీద మూడు బ్యాటరీలు పెట్టాడు.

"ఇది కొత్తది. ఆసిడ్ పోసి, ఛార్జింగ్ ఎక్కించి పెట్టా. బిగించుకుంటే చాలు, బండి లేచుద్ది. ఇది డాక్టరు గారి కారులోది. పాతదే, గానీ ఇంకా రెండేళ్లు ఢోకా లేదు. ఇది ఎండుది. కొత్తదే. ఆసిడ్ ఇంకా పొయ్యలా."

యజమాని మొదటిదాని మీద చెయ్యి వేశాడు.

"దీంట్లో ఆసిడ్ ఎప్పుడు పోశావు?"

"మొన్న మంగళవారం, అయ్యా."

పొయ్యి మీద పెనాన్ని ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మూఢంలో పోశావన్న మాట."

"ఆసిడ్‌కి మూఢమేందయ్యా?"

"నీకు తెలవదులే సాయిబూ. పొయ్యనంతవరకూ అది ఉత్త పెట్టె. పోసినాకే గదా దానికి పుట్టుక. మూఢంలో పుట్టినదాన్ని నా కొడుకు పెళ్లికి తెస్తానా?"

"పోనీ ఈ డాక్టరు గారిది తీసుకోండి. ఇది పుట్టి రెండేళ్లయింది. మీ మూఢానికి చానా ముందే."

"ఒకళ్లు వాడి వదిలేసింది! ఎంగిలి విస్తట్లో నా కొడుక్కి వడ్డించమంటావా ఏంది?"

సాయిబు నవ్వాడు. నాతో ఉన్న ఆడవాళ్లు కూడా కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఇక మిగిలింది ఎండుదే.

"మీ ఇష్టం అయ్యా, ఏది అమ్మినా నాకొకటే," అన్నాడు సాయిబు. "గానీ ఒక మాట వినండి. ఆసిడ్ పోసి ఒక పూట నాననియ్యాలి. ఆపైన రెండు మూడు రోజులు మెల్లగా ఛార్జింగ్ ఎక్కించాలి. ఎక్కించకపోతే దాంట్లో పస ఉండదు."

"బండి నడుస్తుంటే అదే ఎక్కుద్దిగా. డైనమో ఎందుకుంది?"

"జోరుగా తోలితే కాస్త ఎక్కుద్ది."

యజమాని మా ఆయన వైపు తిరిగాడు. "ఏందిరా, డ్రైవరువి గదా, నువ్వు చెప్పు."

మా ఆయన ఆ ఎండు బ్యాటరీ వైపు ఒకసారి చూడడం నాకు గడప దగ్గర నుంచి కనపడింది. పెళ్లి ఊరేగింపులో బండి జోరుగా పోదని, సన్నాయివాళ్ల వెనక నడకన పోతుందని ఆయనకు తెలియదా? లారీకి బ్యాటరీలు మార్చిన చేతులు అవి.

"తమ ఇష్టం అయ్యా," అన్నాడు.

ఎండు బ్యాటరీ, ఆసిడ్ జాడీ లారీ ఎక్కాయి.

సత్తెనపల్లిలో టీ కోసం బండి ఆపారు. యజమాని హోటల్లోకి వెళ్లాక నేను కిందికి దూకి మా ఆయన్ని పట్టుకున్నాను.

"ఏమయ్యా, అది పని చెయ్యదని నీకు తెలుసు. ఎందుకు చెప్పలా?"

"సాయిబు చెప్పాడుగా."

"సాయిబు చెప్పడం వేరు, నువ్వు చెప్పడం వేరు. ఆగితే పోయేది సాయిబు గది కాదు. ఇప్పుడన్నా చెప్పు. వెనక్కి పోదాం."

"ఊరుకోవే. ఇంజనుకు ముందు నుంచి హ్యాండిల్ వేసి తిప్పి లేపుతా. ఒకసారి లేచిందంటే ఊరు దాటిస్తా."

"దీపాలో?"

ఆయన బానెట్ ఎత్తి నీళ్లు చూడసాగాడు. ఆయన చెప్పడని తేలిపోయింది. అందుకని మర్నాడు నేనే యజమాని తల్లి దగ్గరికి పోయాను. పెళ్లికి మిరపకాయల తొడిమలు తీసే పని నాకే పెట్టారు, వాళ్ల పెరట్లో. ఆసిడ్ జాడీని ఆవిడ తన గదిలోనే పెట్టించుకుని తాళం వేసుకుంది, ఎవరైనా ముందే ముట్టుకుంటారని. దూరం నుంచే అడిగాను.

"పెద్దమ్మగారూ, ఆ బ్యాటరీలో ఆసిడ్ ఈ రోజే పోయించండి. గుంటూరు పంపించి ఛార్జింగ్ ఎక్కించుకుంటే పెళ్లినాటికి వచ్చుద్ది. లేకపోతే బండి ఆగుద్దంట."

ఆవిడ విస్తరాకులు ఎంచుతూ తల ఎత్తలేదు.

"ఏమే, మూఢంలో కొత్తకుండలో ఎసరు పెడతామా?"

"కుండ వేరు, ఇది వేరమ్మా."

"మీకన్నీ వేరే. మీకు మూఢం లేదు, మంచిరోజు లేదు. అందుకే మీ బతుకులు అట్టా ఉన్నాయి. కాయలు తియ్యి."

కాయలు తీశాను. చేతులు మండాయి. ఆ మంట చేతులతో కళ్లు తుడుచుకునేంత తెలివితక్కువదాన్ని కాను.

పెళ్లిరోజు పొద్దున, పంతులు చెప్పిన గడియకు, తాళం తీసి జాడీ బయటికి తెచ్చారు. మా ఆయన చేతే పోయించారు. బ్యాటరీకి పసుపు కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. మా ఆయన హ్యాండిల్ తిప్పాడు. తిప్పగా తిప్పగా ఇంజను అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. యజమాని నా వైపు చూసి, "ఏమే, ఆగుద్దన్నావంట?" అన్నాడు. తల్లి చెప్పినట్టుంది. నేను తల వంచుకున్నాను. ఆ ఒక్క క్షణం, నేనే పొరబడ్డానేమో, పొరబడితేనే బాగుండునని అనుకున్నాను.

పెట్రోలు ఇంకా చీటీల మీదే ఇస్తున్న రోజులు. రాజుపాలెం దాకా కారు తోలితే పెట్రోలు దండగని, ఇంజను ఆపి దాన్ని ఎలాగూ వెళ్లే లారీ మీదికి ఎక్కించారు. డైనమో ఎక్కిస్తుందన్న కాస్త ఛార్జింగు కూడా అట్లా పోయింది. ఆదా నాకు ఇష్టమే. కానీ ఆదా ఎక్కడ చేయాలో తెలియనివాడు చేసే ఆదా కంటే దుబారా నయం.

పొద్దు గూకే వేళకు ఆడపిల్లవాళ్ల ఊరి పొలిమేరలో కారు దించారు. మళ్లీ హ్యాండిల్ తిప్పారు. ఈసారి మా ఆయన చొక్కా తడిసిపోయాకగానీ లేవలేదు. పెళ్లికొడుకు ఆయన పక్కన కూర్చున్నాడు. ముందు సన్నాయి, డోలు. రెండు పక్కలా పెట్రోమాక్సు దీపాలు నెత్తిన పెట్టుకుని మేము, బట్టీ ఆడవాళ్లం. కారు దీపాలు కూడా వెలిగించమన్నాడు యజమాని. వెలిగించాడు. పెళ్లికొడుకు ఉత్సాహం కొద్దీ హారన్ నొక్కుతూనే ఉన్నాడు. అరుగుల మీద నుంచి మాటలు వినపడుతున్నాయి.

"ఇద్దరికే చోటుందేందే! రేపు పెళ్లికూతుర్ని డ్రైవరు ఒళ్లో కూర్చోబెడతారా?"

"కాదే, పెళ్లికొడుకే తోలతాడు. డ్రైవరు వెనక పరిగెత్తుతాడు."

రామాలయం దాటాక కారు దీపాలు ఎర్రబడ్డాయి. హారన్ గొంతు బొంగురుపోయింది. నా నెత్తి మీద దీపం వేడికి మాడు కాలుతోంది, అయినా నా చూపు ఆ రెండు దీపాల మీదే. పెళ్లికూతురి ఇల్లు కనపడే మలుపులో ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది.

మా ఆయన దిగి హ్యాండిల్ తిప్పాడు. లేవలేదు. నలుగురు తోశారు. లేవలేదు. "లారీ బ్యాటరీ పీకి దీనికి పెట్టండి," అని ఎవరో అరిచారు. అది ఆరు వోల్టులది, ఇది పన్నెండుది, కుదరదని మా ఆయన మెల్లగా చెప్పాడు. సన్నాయి ఆగిపోయింది. ఆడపిల్లవాళ్ల తరఫు పెద్దమనిషి ఒకాయన అరుగు దిగివచ్చాడు.

"ఏం బావగారూ, కప్పకు దాహమేసిందా? మా ఎడ్లున్నాయి, కట్టమంటారా?"

ఎగతాళికే అన్నాడుగానీ, ముహూర్తం దాటిపోతుందని చివరికి అదే చేశారు. కారుకు మోకు కట్టి, జత ఎడ్లను పూన్చారు. పెళ్లికొడుకు తల దించుకుని కూర్చున్నాడు. మా ఆయన స్టీరింగు పట్టుకున్నాడు. ఎడ్లు లాగుతుంటే పిల్లలు వెంటబడి కేకలు వేశారు.

పందిరి ముందు కారు ఆగగానే యజమాని గొంతు లేచింది. అందరికీ వినపడాలనే అన్నాడు.

"వద్దురా అని వందసార్లు చెప్పా. వీడు మూఢంలోనే దొంగతనంగా ఆసిడ్ పోసి చూశాడు. కిరస్తానం వాళ్లకు చెబితే బుర్రకెక్కుద్దా? అందుకే ఇట్టా అయింది."

"అదీ సంగతి," అన్నాడు ఎడ్లు కట్టించిన పెద్దమనిషి. నలుగురూ తలలూపారు. కారణం దొరికింది, పరువు నిలిచింది. జాడీకి తాళం వేసుకున్న పెద్దమ్మగారు అక్కడే పీట మీద కూర్చుని ఉంది. పమిట సర్దుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నెత్తిన దీపంతోనే ముందుకు వచ్చాను.

"అయ్యా, ఆసిడ్ జాడీ అమ్మగారి గదిలో..."

"నోర్ముయ్యవే!" అని మా ఆయన అరిచాడు.

యజమాని ముందు, సాయిబు ముందు పెగలని గొంతు నా మీద అంత గట్టిగా పెగిలింది. ఆ కేకకు అందరూ నా వైపే చూశారు, తప్పు నాదే అన్నట్టు. దీపం పట్టుకుని వెనక్కి జరిగాను. పెళ్లి అయింది. మాకూ భోజనాలు పెట్టారు. తిండి మీద అలగడం నాకు చేతకాదు. తిన్నాను.

మర్నాడు గుమాస్తా తాళంచెవి అడగడానికి వచ్చాడు. నేను గోడకు కొట్టుకున్న మేకులన్నీ పీకి కొంగున కట్టుకున్నాను. ఉట్టి విప్పాను. గచ్చు ఒక్కటే పీకడానికి కుదరలేదు. కట్టెలు మోపు కడుతుండగానే కొత్త డ్రైవరు పెళ్లాం చంకలో పిల్లాడితో, నెత్తిన కుండలతో వచ్చి గుమ్మంలో నిలబడింది. చిన్నపిల్ల. ఇరవై కూడా ఉండవేమో.

"అక్కా, వానొస్తే కురుస్తదా?" అని అడిగింది. కృష్ణ అవతలి యాస.

"కురవదు. పడమటి గోడ మూల రాయి కదులుద్ది, అక్కడ తేళ్లుంటయ్. పిల్లాణ్ని ఆ పక్కన పడుకోబెట్టబాక."

ఆ పిల్ల మీద నాకు కోపమేముంది? ఆ కారు బ్యాటరీని తర్వాతి వారమే గుంటూరు పంపి ఛార్జింగ్ ఎక్కించారని, ఆపైన సెల్ఫ్ నొక్కితే చాలు లేచేదని ఆ పిల్ల మొగుడే మా వాళ్లతో చెప్పాడట. బ్యాటరీ మంచిదే. ఎవరూ అది చెడ్డదనలేదు.

మంచం నెత్తిన పెట్టుకుని మా ఆయన ముందు నడిచాడు. సామాను ఎత్తుకుని పిల్లలతో నేను వెనక నడిచాను. క్వారీ దాటాం. ఆ తర్వాత అడిగాను.

"గుంటూరులో ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

"అంటే వినేవాడా?"

"వినకపోతే పోయేవాడు. నిన్న వాళ్ల ముందు, నేను చెప్పాగా అని అనడానికి నీకు నోరుండేది."

"ఆ నోరుతో ఏం చేసుకోనే," అన్నాడు. మంచం ఇటు నుంచి అటు సర్దుకుని నడిచాడు.

ఆయన అన్నది నిజమే కావచ్చు. కానీ నేను ఆ రోజు ఒప్పుకోలేదు, ఆయన పోయి ఇన్నేళ్లయినా ఒప్పుకోను. మేము వాగు పక్కకు చేరేసరికి పాత గుడిసె కప్పు సగం లేదు, ఎవరో పీక్కుపోయారు. పిల్లల్ని ఒక రాయి మీద కూర్చోబెట్టి, ముసురు పట్టేలోగా తాటాకు ఎవరిని అడగాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆయన మంచం దించి, దాని మీదే కూర్చున్నాడు. అడగడానికి నేనే వెళ్లాను.