ఏడో చుట్టు

చుట్టూ హిందీ వినిపించే ఈ బాగ్‌బేరాలో మా పిల్లలకు పరుగు నేర్పిన మాస్టారు మొన్న మంగళవారం పోయారు. కబురు తెచ్చిన నా మనవరాలు గుమ్మంలోనే నిలబడి, "అమ్మమ్మా, మాస్టర్‌జీ నహీ రహే" అంది. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రోజూ సరిదిద్దేదాన్ని, ఆ పూట కుర్చీ లాగి దాన్ని కూర్చోబెట్టాను. మాస్టారికి చెప్పవలసిన మాటొకటి నా దగ్గరే ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. రైల్వే యార్డులో పని. డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే మైదానానికి వచ్చేవారు. ఒక్కొక్కరి పాదాలు చేత్తో పట్టి చూసేవారు, పొక్కులుంటే పరిగెత్తనిచ్చేవారు కాదు. నాకది గారాబంగా తోచేది.

ప్రతి చుట్టుకూ పట్టిన సెకన్లు పుస్తకంలో రాయడం నా పని. నీళ్ల కూజా నా కుర్చీ కిందే ఉండేది. పరుగు మధ్యలో నీళ్లు తాగితే ఒళ్లు బరువెక్కుతుందని అప్పట్లో అందరూ నమ్మేవారు, అందరికంటే గట్టిగా నేను. మాస్టారు మాత్రం తడి తువ్వాలు భుజాన వేసుకునేవారు. పిల్లలు దాని కొస నోట్లో పిండుకునేవారు.

"పిల్లల్ని చెడగొడుతున్నారు మాస్టారూ."

"గుక్కెడు నీటికి ఏటి చెడిపోతారమ్మా? ఇంజనుకైనా నీళ్లు పడతాం కదా."

నేను నవ్వలేదు. మైదానం పెద్దలకు ఫిర్యాదు రాశాను. వాళ్లు ఆయన్ని పిలిచి, ఇక తువ్వాలు తేనని మాట తీసుకున్నారు.

నా మనవరాలు బళ్లో చదువుతున్న ఆ ఏడు, మే నెలలో జిల్లా జట్టుకు ఎంపిక పెట్టారు. పది చుట్ల పరుగు. పొద్దున్నే మొదలవ్వాల్సింది, అధికారులు వచ్చేసరికి పదకొండు దాటింది. వడగాలి లేచింది. కాకులు నోళ్లు తెరుచుకుని గోడ నీడకు చేరాయి.

"ఈ ఎండ మంచిది కాదమ్మా. సాయంత్రం పెట్టమందాం" అన్నారు మాస్టారు.

"ఎండ అందరికీ ఒకటే" అన్నాను.

నా మనవరాలికి మొదటి నాలుగు చుట్లూ డెబ్భై ఆరేసి సెకన్లు పట్టాయి. ఐదోది ఎనభై మూడు. ఆరోది తొంభై ఒకటి. ఆ అంకెల్లో నాకు బద్ధకం కనిపించింది. "మోకాళ్లు లేపవే" అని అరిచాను.

మాస్టారు నా పక్కకొచ్చి మెల్లగా అన్నారు. "పిల్లకి చెమట ఆగిపోయిందమ్మా. మొహం సూడండి, పొడిగుంది."

"మూడో స్థానంలో ఉంది. తువ్వాలు తేనని మీరు మాటిచ్చారు."

ఏడో చుట్టులో అది గీత విడిచి పక్కకు జరిగింది. ఎదురుగా ఎవరూ లేరు, అయినా నవ్వుతోంది. మాస్టారు తాడు దాటి వెళ్లి రెండు చేతులా పట్టేసుకున్నారు. బయటివాళ్లు తాకితే పరుగు చెల్లదని ఆయనకు తెలుసు. "దో హీ చక్కర్" అని గొణిగింది, రెండే మిగిలాయని. నా పుస్తకం ప్రకారం ఇంకా మూడున్నర.

ఆయన నా కుర్చీ కింది కూజా లాక్కుని పిల్ల నెత్తిన కుమ్మరించారు.

"జట్టు పోయింది మాస్టారూ" అన్నాను, నా నోటితోనే.

"పోనీండమ్మా."

ఆ ఫిర్యాదు ఎవరు రాశారో ఆయనకు తెలుసు. ఆ రోజు గానీ, తర్వాత గానీ ఆ మాట ఎత్తలేదు. తప్పు నాదని నేనూ చెప్పలేదు. నా మనవరాలిప్పుడు ఈ ఊళ్లోనే సోనారి పేటలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది.

ఆ మధ్యాహ్నం దాన్ని రేకుల షెడ్డులో పడుకోబెట్టి అట్టముక్కతో విసిరాం. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. ఎంతసేపు పట్టిందో నేను రాసుకోలేదు. చివరికి పైపెదవి మీద ఒక్క చెమట బొట్టు పుట్టింది. కొంగుతో తుడవబోయాను. మాస్టారు నా చెయ్యి ఆపారు.

"ఉండనీండమ్మా" అని, ఆ బొట్టునే చూస్తూ కూర్చున్నారు.