మైకులో చదివిన పేర్లు

ఆషెర్ ఏ ఆదివారమూ చర్చి ఎగ్గొట్టడు. భక్తి అనుకునేరు. భక్తి ఏనాడో పోయింది. పంజాగుట్టలో మెట్రో లైను వెనక సందులో ఉన్న ఆ చర్చికి అతను వెళ్లేది జీవమణి కళ్లలో పడటానికి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పలచబడుతున్న జుట్టు నున్నగా దువ్వుకుని, ఆరాధన మొదలు కాకముందే వెళ్లి చివరి బెంచీలో కూర్చుంటాడు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు జీవమణి ముందు వరసలోంచి వెనక్కి తిరిగినప్పుడల్లా అతని మొహం కనిపించి తీరాలి. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టే నవ్వి, ‘వందనాలు బాబూ’ అంటుంది. ఆ నవ్వు చూస్తే ఆషెర్‌కు ఒళ్లు మండిపోతుంది.

వారంలో మిగతా రోజులు అతను అమీర్‌పేటలో జర్మన్ నేర్పుతాడు. కింద జిరాక్స్ షాపు, మొదటి అంతస్తులో జావా, రెండో అంతస్తులో ఇంగ్లీషు మాట్లాడటం, మూడో అంతస్తులో ఆషెర్. అతని దగ్గరికి వచ్చేది ఎక్కువగా నర్సులు. డ్యూటీ దిగి, యూనిఫాం సంచిలో కుక్కుకుని, ఆవలింతలు ఆపుకుంటూ వ్యాకరణం నేర్చుకుంటారు. పరీక్ష పాసయ్యాక ఏ ఊరి ఆసుపత్రికి ఒప్పుకోవాలో కూడా అతన్నే అడుగుతారు. ఏ ఊళ్లో అద్దె ఇల్లు దొరుకుతుంది, ఏ ఊళ్లో రాత్రి ట్రాములు తిరుగుతాయి, ఎక్కడి జనం కొత్తవాళ్లను కాస్త మనుషుల్లా చూస్తారు, అన్నీ అతనికి కంఠతా వచ్చు. తను మాత్రం జర్మనీ మొహం చూడలేదు.

చూడవలసినవాడే. అప్పట్లో ఆ చర్చి క్వయర్‌లో ఆషెర్ కీబోర్డు, నేతన్ గిటారు. పాటల దగ్గర మొదలైన స్నేహం ప్రేమ అయింది. ఈ ఊళ్లో కలిసి బతకనివ్వరని ఇద్దరికీ తెలుసు. అందుకే ఇదే అమీర్‌పేట భవనంలో పక్కపక్కన కూర్చుని జర్మన్ నేర్చుకున్నారు. ఏడాది పాటు ఊళ్లు వెతికారు. ఇద్దరు మగవాళ్లు ఒక ఇల్లు అడిగితే మొహం చిట్లించని ఊరు, పని చేసే చోట దాచుకోనక్కరలేని ఊరు కావాలి. చివరికి కొలోన్ అనుకున్నారు. అక్కడ తమలాంటివాళ్లు వీధిలో చేతులు పట్టుకుని నడుస్తారని చదివిన రోజు నేతన్ ఇరానీ హోటల్లో బల్ల కింద ఆషెర్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నేతన్ మెత్తని మనిషి. మనసులో ఏదీ దాచుకోలేడు. ఆ చర్చిలో ప్రసంగానికి ముందు ప్రార్థన అంశాలు చదివే ఆచారం ఒకటుంది. ఎవరికేం కష్టమున్నా ముందుగా జీవమణికి చెబుతారు, ఆవిడ మైకులో చదువుతుంది. ఫలానా ఆయన కిడ్నీలో రాయి, ఫలానా అమ్మాయి ఆగిపోయిన సంబంధం. పేరు చెబితేనే దేవుడికి అందుతుందన్నట్టు మనిషి పేరు, ఇంటిపేరు, వీలైతే వీధి కూడా చెబుతుంది. బయటకు రాకూడని సంగతులైతే, ‘దేవుడికీ నాకూ మధ్యే’ అని చెయ్యి పట్టుకుని మాట ఇస్తుంది. ఆ మాట నమ్మి నేతన్ తమ ఇద్దరి సంగతి ఆవిడ చెవిన వేశాడు. ఇంట్లో చెప్పే ధైర్యం రావాలని ప్రార్థన చేయమన్నాడు.

ఆ ఆదివారం జీవమణి మైకు అందుకుని, కళ్లు మూసుకుని, గొంతులో తడి నింపుకుని చదివింది.

“మన సంఘ యువకులు ఆషెర్, నేతన్. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న చెడు కోరికలో చిక్కుకుపోయారు. వీళ్ల విడుదల కోసం అందరూ భారంగా ప్రార్థించండి.”

ఆషెర్ కీబోర్డు ముందే కూర్చుని ఉన్నాడు. రెండు వందల తలలు ఒక్కసారి అతని వైపు తిరిగాయి. ఆ సాయంత్రమే నేతన్‌ను వాళ్ల నాన్న ఊరవతల ఉపవాస ప్రార్థనలకు తీసుకుపోయాడు. తిరిగొచ్చేసరికి పెళ్లి కుదిరి ఉంది. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఇద్దరు పిల్లలతో ఉంటున్నాడు, ఆషెర్ ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోతాడు. ఇద్దరూ కలిసి రాయాల్సిన పరీక్ష ఆషెర్ ఒంటరిగా రాయలేకపోయాడు. కీబోర్డు ఇంకెవరికో ఇచ్చారు. అతనికి మిగిలింది చివరి బెంచీ ఒక్కటే. దాన్ని వదులుకోకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాడు.

ఏళ్లు గడిచాయి. పగ మాత్రం పాతబడలేదు. అలాంటి సమయంలో ఒక సాయంత్రం క్లాసయ్యాక అందరూ మెట్లు దిగిపోయినా ఫెయిత్ దిగలేదు. ఫెయిత్ సాక్షాత్తూ జీవమణి కూతురు, పంజాగుట్టలోనే ఒక పెద్దాసుపత్రిలో నర్సు. పక్కన పింకీ ఉంది. ఆమెది కృష్ణానగర్, తండ్రి సినిమాల్లో గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు. ఇద్దరిదీ ఒకే వార్డు.

“అన్నా, ఏజెన్సీవాళ్లు మాకు మూడు ఊళ్లు చూపెట్టిన్రు,” అంది ఫెయిత్. “జీతం సంగతి గాదు. మేమిద్దరం కలిసి బతికే ఊరు ఏదో జర నువ్వే చెప్పు.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె పింకీ చెయ్యి వదల్లేదు. ఆషెర్‌కు సంగతి అర్థమైంది. మొదట కలిగింది జాలి కాదు, సంతోషం. దొరికావు జీవమణీ అనుకున్నాడు. రేపు చెబుతానని వాళ్లను పంపేసి, దారంతా తనలో తనే నవ్వుకుంటూ ఇంటికి నడిచాడు. వచ్చే ఆదివారం మైకు అడిగి తీసుకోవాలి. ‘మన సంఘ యువతి ఫెయిత్’ అని మొదలుపెట్టాలి. గొంతులో తడి కూడా అలాగే నింపాలి. రాత్రి అన్నం తింటూ ఆ వాక్యాన్ని చప్పరిస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఫెయిత్ ఒక్కతే ముందుగా వచ్చింది. అతని మొహంలో ఏం చూసిందో ఏమో, తలదించుకుని చెప్పింది.

“అమ్మ మీ పేర్లు చదివిన దినం నేను మూడో బెంచీల ఉన్న అన్నా. నా సంగతి నాకు గప్పటికే తెలుసు. గా దినం మూసిన నోరు మళ్లా పింకీ దగ్గర్నే తెరిచిన.”

రాత్రి చప్పరించిన వాక్యం ఆషెర్ నోట్లో చేదెక్కింది. ఈ పిల్ల పేరు మైకులో చదివితే తనకూ ఆ జీవమణికీ తేడా ఏముంటుంది? అది ఒక సంగతి. ఇంకో సంగతి కూడా ఉంది, అది దాచడం ఎందుకు. అలా చదివితే జీవమణి ఏడుస్తుంది, ఉపవాసాలుంటుంది, సంఘమంతా అయ్యో పాపం అంటుంది. ఆ అయ్యో పాపం ఆవిడకు దక్కడం ఆషెర్‌కు సుతరామూ ఇష్టం లేదు. ఆవిడ నోటితో పాడు చేసిన పనిని ఆవిడ నోటితోనే బాగు చేయించాలి. ఆ ఆలోచన రాగానే అతని ఒళ్లు తేలికైంది.

పింకీ కూడా వచ్చాక ముగ్గురూ కూర్చుని ఊళ్లు చూశారు. ఒకటి బవేరియాలో కొండల మధ్య చిన్న ఊరు. రెండోది లైప్జిగ్. మూడోది కొలోన్. చట్టం దేశమంతా ఒకటే, ఇద్దరు ఆడవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు, కానీ పక్కింటివాళ్లు చట్టం చదువుకుని రారు అని ఆషెర్ చెప్పాడు. రాత్రి డ్యూటీ దిగి ట్రాములో ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోగలరా, అది చూడాలన్నాడు. ఎవరైనా మాట తూలితే వెళ్లి చెప్పుకోవడానికి మనలాంటివాళ్ల కేంద్రం ఊళ్లో ఉందా, ఇద్దరికీ ఒకే ఆసుపత్రిలో పని ఉందా అని అడిగాడు. పెళ్లి కానిదే ఒకరి వీసా మీద ఇంకొకరు వెళ్లలేరు కాబట్టి ఎవరి ఉద్యోగం వాళ్లకుండాలి. లైప్జిగ్‌లో అన్నీ బాగానే ఉన్నా ఇద్దరినీ వేర్వేరు ఆసుపత్రులకు వేస్తున్నారు. చిన్న ఊళ్లో ఒకటే పోస్టు, పైగా తెలుగువాళ్ల ప్రార్థన సహవాసం ఉంది. పొద్దున అక్కడ చేతులు పట్టుకుంటే మధ్యాహ్నానికి పంజాగుట్టలో తెలిసిపోతుంది. చివరికి మిగిలింది కొలోన్. ఆ పేరు పైకి అంటూ ఆషెర్ మొహం కనబడకుండా బోర్డు వైపు తిరిగాడు. వాళ్లు కనిపెట్టలేదు.

చిక్కు జీవమణితో వచ్చింది. కూతురు చిన్న ఊరికే వెళ్లాలని పట్టుపట్టింది. అక్కడ సంఘ పెద్ద విజయరత్నంగారి మేనకోడలు ఉంది, తెలుగు సహవాసం ఉంది, ఇంకేం కావాలంది. ఆ పట్టు నెగ్గితే పిల్లలిద్దరూ చెరో చోట పడతారు. తేల్చుకుందామని ఆవిడే మూడంతస్తులూ ఎక్కి, ఆయాసపడుతూ ఆషెర్ ఎదుట కూర్చుంది.

ఆషెర్ అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఆ చిన్న ఊళ్లో పోస్టు ఒకటే, అమ్మాయి ఒక్కతే ఉండాల్సి వస్తుంది, పని చేసే చోట కుర్రాళ్లే ఎక్కువ అన్నాడు. అంతే. జీవమణి మొహం మారిపోయింది. కొలోన్ గురించి తనే ఆరా తీసింది. ఊళ్లో ఎక్కడ నిలబడినా పెద్ద చర్చి గోపురాలు కనబడతాయంటే, మనది కాకపోయినా చర్చి చర్చే కదా అంది. తర్వాత ఆవిడే ముందుకు వంగింది.

“ఆ పింకీ అమ్మాయి కూడా అక్కడికేనంటగా? ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టించు బాబూ. ఒకరికొకరు తోడుంటారు. తెల్ల కుర్రాళ్ల బెడద ఉండదు నాకు.”

ఆషెర్ దగ్గినట్టు నటించి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత అతనికి కడుపుబ్బా నవ్వొచ్చింది. జీవమణి లేస్తూ అతని భుజం తట్టి, నీ కోసం ఇప్పటికీ ప్రార్థన చేస్తూనే ఉన్నాను అంది. ఆ మాటతో నవ్వు ఆవిరైపోయింది.

ప్రయాణానికి ముందు ఆదివారం ఫెయిత్‌నూ ఆమెతో వచ్చిన పింకీనీ ముందుకు పిలిచి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. భాష నేర్పిన గురువుగా రెండు మాటలు చెప్పమని పాస్టరు ఆషెర్ చేతికి మైకు ఇచ్చాడు. అదే చర్చి, అదే మైకు. ఆషెర్ ఆ మైకును పట్టుకుని జీవమణి వైపు చూశాడు.

“నాకన్నా జీవమణి ఆంటీ ప్రార్థన చేస్తే బాగుంటది. ఇద్దరి మీద చేతులు పెట్టి, ఇద్దరి పేర్లు పెట్టి చెయ్యాలె.”

ఇలాంటివి జీవమణి ఎన్నడూ కాదనదు. కుడిచెయ్యి కూతురి తల మీద, ఎడమచెయ్యి పింకీ తల మీద పెట్టింది. మైకు ఆషెరే ఆవిడ నోటి దగ్గర పట్టుకున్నాడు.

“ఫెయిత్‌నీ పింకీనీ ఒకే ఇంట్లో ఉంచు తండ్రీ. కష్టంలో సుఖంలో ఒకరికొకరు తోడుగా ఉంచు. ఏ మనిషీ వీళ్లను విడదీయకుండా కాపాడు.”

సంఘమంతా ఆమెన్ అంది. అచ్చం పెళ్లిళ్లలో పాస్టరు చదివే మాటలు అవి. ఫెయిత్ వెక్కివెక్కి ఏడ్చింది. ఊరు విడిచి వెళ్తున్నందుకని అందరూ అనుకున్నారు.

పిల్లలిద్దరూ వెళ్లిపోయారు. కాగితాల కోసం చాలాకాలం ఆఫీసుల చుట్టూ తిరిగి, ఒక చల్లటి శుక్రవారం కొలోన్‌లో పెళ్లి చేసుకున్నారు. ఆ సాయంత్రమే ఫెయిత్ తల్లికి ఫోన్ చేసి తన నోటితో తనే చెప్పింది. మర్నాడు జీవమణి మళ్లీ మూడంతస్తులూ ఎక్కింది. ఈసారి కూర్చోలేదు.

“నీకు ముందే తెలుసా?”

“తెలుసు ఆంటీ.”

“నాకో మాట చెప్పొచ్చు కదా.”

“మైకుల చదివే ముందు మీరు నాకో మాట చెప్పిన్రా?”

జీవమణి బెంచీ పట్టుకుంది. ఆషెర్ మంచినీళ్లు ఇవ్వలేదు, కూర్చోమనలేదు. ఈ నిమిషం కోసమే కదా ఇన్నాళ్లు ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నది. చివరికి ఆవిడ గొంతు తగ్గించి, ఆ ఊళ్లో దాన్ని ఎవరూ ఏమీ అనరు కదా అని అడిగింది. సంఘం సంగతి కాదు, పరువు సంగతి కాదు, అదొక్కటే అడిగింది. ఆషెర్ ఇది ఊహించలేదు. అయినా మెత్తబడలేదు.

“అనరు. మంచి ఊరు ఆంటీ అది. నేతనూ నేనూ మా కోసం ఏడాది దేవులాడి ఎంచుకున్న ఊరు. అక్కడ ఎవరి పేరూ మైకుల చదవరు.”

ఆవిడ గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఆషెర్ కిటికీలోంచి చూడలేదు. క్లాసుకు టైమైందని బోర్డు తుడుచుకున్నాడు.

ఆదివారం వచ్చింది. ప్రార్థన అంశాలకు వేళైంది. ముందు వరసలో జీవమణి లేవలేదు. గొంతు బాగాలేదని సైగ చేసి మైకును వెనక్కి పంపేసింది. అది చేతులు మారుతూ చివరి బెంచీ దాకా వచ్చింది. ఆషెర్ అందుకుని లేచి నిలబడ్డాడు.

జీవమణి గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆ కళ్లలో ఉన్నది భయం. కీబోర్డు ముందు కూర్చుని తన పేరు విన్న రోజు తన కళ్లలో ఉన్నదే ఇప్పుడు ఆవిడ కళ్లలో ఉంది. ఆషెర్ తొందరపడలేదు. గొంతు సవరించుకున్నాడు. మైకు పనిచేస్తుందో లేదో వేలితో తట్టి చూశాడు. ఆ భయాన్ని ఆవిడకు పూర్తిగా రుచి చూపించాకే నోరు తెరిచాడు.

“నా దగ్గర చదువుకున్న పిల్లలిద్దరు చల్లగ ఉన్నరు. జీవమణి ఆంటీ చేసిన ప్రార్థన దేవుడు విన్నడు. స్తోత్రం.”

సంఘమంతా ఆమెన్ అంది. జీవమణి పెదవులు కదల్లేదు. ఆషెర్ కూర్చోలేదు. మైకు పట్టుకుని, ఆవిడనే చూస్తూ, ఆవిడ ఆమెన్ అనేదాకా నిలబడే ఉన్నాడు.