మోగని ఎడమ లాకు

మోకాళ్లు వంగక కారు కింద దూరలేకపోతున్నాను. ఇంటి షెడ్డులో బిగించుకుందామని పాత కార్ లిఫ్టు ఒకటి చూడటానికి డోన్ వెళ్లాను. అది మూతపడిన ఒక మెకానిక్ షెడ్డులో ఉంది. యజమాని నా కారునే రెండు స్తంభాల మధ్య పైకి లేపి చూపించాడు. లేస్తున్నప్పుడు రెండువైపులా లాకులు టక్కుటక్కుమనాలి. బరువు జారితే ఆపేవి అవే. కుడివైపు లాకు ఒక్కటే మోగింది.

"ఎడమ పక్క చప్పుడు యాడప్పా?"

"గ్రీసు శానా పెట్టినాం పెద్దాయనా, అందుకే వినపడదు. ఇంజనీర్లే చూసి బాగుండాదన్నారు. నువ్వేం చదివినావు?"

"బడి మొగమే చూడలేదు. నువ్వొచ్చి కింద నిలబడు, చూస్తా."

నవ్వాడు గానీ కదల్లేదు. నలభై ఏళ్ల కిందట ఇలాంటి మాటే నమ్మి పాత జాకీ కొన్నాను. అది జారి నలిపిన వేలు ఇప్పటికీ వంగదు. ఆ వేలు అతని ముఖం ముందు పెట్టాను.

"నువ్వు నిలబడని చోట నన్ను పనిచెయ్యమంటాండావు. సిగ్గుండాదా నీకు? దించు నా కారు!"

అతను ఒళ్లంతా దూరంగా ఉంచి, చెయ్యి మాత్రం చాచి స్విచ్చి నొక్కాడు.