మూడో తెర మీద మిగిలిన వరుస

మా ల్యాబ్ సారు పోయారన్న వార్త నాకు కాలేజీ వాదోపవాదాల పోటీ వేదిక మీద అందింది. ఆఖరి వరుసలో నిలబడి నా సహాధ్యాయిని చేయి ఊపుతున్నది. సమయం అయిపోయిందని హెచ్చరిస్తున్నదనుకున్నాను. ప్రత్యర్థి వాదంలో మిగిలిన అంశాలను కూడా చీల్చి చెండాడాకే దిగాను. కిందికి వచ్చాక, కరీంనగర్ దవాఖానలో పొద్దున్నే సారు ఊపిరి ఆగిందని ఆమె చెప్పింది. ఆ పోటీలో ఎవరు గెలిచారో నేనింతవరకు కనుక్కోలేదు.

ఆయన మాకు ఆపరేటింగ్ సిస్టం పాఠం చెప్పేవారు. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు ఇదెందుకని అడిగినవారిని "తిన్నవా?" అని పలకరించి పంపేసేవారు. పాఠంతో ఊరుకోక, యూనిక్స్ పోలికలో ఒక చిన్న వ్యవస్థను మాతోనే రాయించారు. అది లేచి నడిచిందన్న సంబరం తీరకముందే కొత్త చిక్కు ఎదురైంది. ఒకే తెర, ఒకే కీబోర్డు. ఒకరి ప్రోగ్రాం కంపైల్ అయి యంత్రభాషలోకి మారుతున్నంతసేపూ మిగిలినవాళ్లం ఆ తెరనే చూస్తూ కూర్చోవాలి. ఉన్న ఒక్క తెర వెనుక మరికొన్ని తెరలను నిలబెట్టాలని సారు పట్టుబట్టారు. ఆల్ట్ మీటతో పాటు ఒక ఫంక్షన్ మీట నొక్కితే ఒక తెర చాటుకు పోయి ఇంకొకటి ముందుకు రావాలి. చాటుకు పోయినదాని పని చాటునే సాగాలి. వర్చువల్ కన్సోళ్లంటే ఇవే.

మొదటి ప్రయత్నం నాది. తెర మారగానే పాత తెర మీది ప్రోగ్రాములన్నీ నిద్రపోయేలా రాశాను, అదే న్యాయమనుకున్నాను. మా ఇంట్లో, మా వీధిలో లోకం నడిచిన తీరు అది: ఒక షిఫ్టు పైకి వస్తేనే ఇంకో షిఫ్టు కిందికి దిగుతుంది. సారు అలవాటు ప్రకారం చేతులు వెనక్కి కట్టుకొని చదివారు. విద్యార్థి ముందున్న కీబోర్డును ఆయన ఎన్నడూ ముట్టుకోలేదు. చదివి, నవ్వారు.

"మీ నాయిన డ్యూటీ దిగినట్టు రాసినవు గదరా. ఇది షిఫ్టు కాదు. అందరు ఒక్కపారే కిందున్నరు. మన దీపం ఒక్క దిక్కే పడ్తున్నది, గంతే."

ఆ మాటను నేను అంత తేలికగా ఒప్పుకోలేదు. ఏదీ తేలికగా ఒప్పుకోకపోవడం నా స్వభావం. అది ఆయనకు వినోదం. "నువ్వు గెలిచేటందుకు మాట్లాడ్తవు. మిషన్‌తోని గెలుసుడు ఉండది బిడ్డా," అనేవారు.

తరువాత ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బాయిలు ఆగాయి, తరగతులు ఆగాయి. సారు మాత్రం ల్యాబ్ తాళం తీస్తూనే ఉన్నారు. ఊరు ఊరంతా రోడ్డు మీదుంటే మీరు తెరలు లెక్కపెట్టుకుంటున్నారా, మీ పక్షమేదని అందరి ముందు నిలదీశాను. ఆయన కోపగించుకోలేదు. మరునాడు దీక్షా శిబిరానికి టిఫిన్ డబ్బాతో వచ్చి, చివర కూర్చున్నారు. నినాదాల నడుమ నా వైపు వంగి, ప్రోగ్రాం రాసే ఎడిటర్ తెరిచి ఉన్న మూడో కన్సోల్‌ను చాటుకు పంపి మళ్లీ పిలిస్తే యంత్రం ఒక్కోసారి ఎందుకు బిగుసుకుపోతున్నదో ఆలోచించావా అని అడిగారు. నా ప్రశ్నకు జవాబు మీరింకా చెప్పలేదన్నాను.

"మూడో తెర సక్కగ తిరిగి రానియ్. అప్పుడు చెప్త."

ల్యాబ్‌లో ఆ లోపాన్ని సరిచేస్తూ ఉండగానే ఆయనకు ఛాతీలో పట్టేసింది. మూడో కన్సోల్‌లో రాస్తున్నది రాస్తున్నట్టే వదిలి, నాకేదో చూపడానికి మొదటిదానికి మారారు. చూపలేదు. బల్ల పట్టుకొని లేచి, "జర ఆగు, వస్త," అన్నారు. అంతే, ఆయన ఆ గదిలోకి మళ్లీ రాలేదు.

యంత్రాన్ని మేమెవరమూ ఆపలేదు. డిస్కు మీది ఫైలు పాతది. సారు కొత్తగా రాసినదేదీ సేవ్ కాలేదు. సంతాప సభ ముగిసీ ముగియకముందే, వైరింగ్ మార్చాలి, ల్యాబ్‌లో అన్నీ ఆపివేయమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆపితే ఆయన చివరి పని పోతుంది. ఆపకముందు మూడో తెరకు పోయి సేవ్ చేద్దామంటే, ఏ దారిన పోతే యంత్రం బిగుసుకుంటుందో ఆ దారే దిక్కు. నేను తెగించి మీట నొక్కుదామన్నాను. సహాధ్యాయిని నా చేయి పట్టి ఆపింది.

"సారు చెప్పింది మర్శినవా? దీపం పడకున్నా మనిషి ఆడనే ఉంటడు."

చాటున ఉన్న తెరల అక్షరాలు, తెర కోసమే కేటాయించిన వీడియో మెమరీలో ఎక్కడివక్కడే ఉంటాయి. తెర మార్చడమంటే వాటిని మోసుకురావడం కాదు, ఎక్కడి నుంచి చూపాలో చెప్పడం మాత్రమే. ఆమె మొదటి తెర మీదే కూర్చొని, మూడోదాని చోటును చదివి డిస్కులోకి దించే చిన్న ప్రోగ్రాం రాసింది. మధ్యాహ్నానికి దక్కించుకున్నాం. తెరకు పట్టినన్ని వరుసలే. ఆ పైవి, ఆ కిందివి ఎడిటర్ కడుపులోనే ఉండిపోయాయి. చివరి వరుస సగంలో ఆగింది. ఆ లోపం దగ్గరికి ఆయన చేరారో లేదో దాన్నిబట్టి చెప్పలేము. నా ప్రశ్నకు జవాబు అందులో ఉంటుందని ఆశపడేంత అమాయకుణ్ని కాను. అయినా ఆశపడ్డాను.

ఇక పోయేదేమీ లేదనుకున్నాక మీట నొక్కాను. మూడో తెర వచ్చింది. సగం వరుస, దాని చివర కర్సర్. ఒక అక్షరం కొట్టాను, పడలేదు. మీటలన్నీ నొక్కి చూశాను. యంత్రం బిగుసుకుపోయింది. కర్సర్ మాత్రం మినుకుతూనే ఉంది. దాన్ని మినుకుమనిపించేది మేము రాసిన వ్యవస్థ కాదు, యంత్రంలోని వీడియో కార్డే. ఆ సంగతి నాకు తెలుసు.

మేమంతా కాకా అని పిలిచే అటెండర్ మెయిన్ స్విచ్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"బంద్ చెయ్యాల్నా బిడ్డా?"

"జర ఆగు కాకా," అన్నాను.

ఆయన ఆగాడు. తెర మీద, సగం వరుస చివర, అది వెలుగుతూ ఆరుతూ ఉంది.