ఆకు చూసే మాలకొండయ్య

ప్రత్తిపాడు చుట్టుపక్కల నాటు పొగాకు ఎవరు అమ్మినా ముందు మాలకొండయ్య వచ్చి ఆకు చూడాలి. కుప్పగా పేర్చిన పొగాకు మండె ముందు గొంతుకూర్చుని, నడిమి నుంచి ఓ ఆకు లాగి, వాసన చూసి, చుట్టగా చుట్టి ముట్టిస్తాడు. కళ్లు మూసుకుని నాలుగు దమ్ములు పీల్చి, బూడిద రంగు చూసి, ఘాటు ఎంతో చెబుతాడు. మిగిలింది అక్కడే నలిపి పారేస్తాడు. ఇంట్లో ఏనాడూ చుట్ట ముట్టించి ఎరగడు. ముందుపళ్లు రెండు ఊడిన దగ్గర్నుంచి మాత్రం కండువా నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడేవాడు.

ఆ సిగ్గు పోవాలనే గుంటూరు వెళ్లి, పళ్ల ఇంప్లాంట్లకు ఒప్పుకున్నాడు. దవడలో స్క్రూలు వేయకముందే డాక్టరమ్మ అడిగింది. “షుగరుందా? బీడీ, చుట్ట ఏమన్నా తాగుతారా? పొగ తగిలితే ఎముక స్క్రూని పట్టుకోదు, ముందే చెప్పండి.”

“అలాంటి అలవాట్లేం లేవండి,” అన్నాడాయన. పక్కనున్న భార్య పున్నమ్మ కూడా తలూపింది.

పొగాకు కొనుగోళ్లు ముగిసేసరికి వేసిన రెండు స్క్రూలూ కదిలాయి. డాక్టరమ్మ ఆయన నోటి దగ్గరకు వంగి, పొగ వాసన తగిలి ఆగిపోయింది.

“చుట్ట తాగుతున్నారు కదండీ.”

“తాగటం కాదమ్మా, ఆకు చూడటం,” అన్నాడు మాలకొండయ్య.

ఆవిడ స్క్రూలు తీసి ట్రేలో పెట్టింది.

తిరుగు బస్సులో పున్నమ్మ, “ఆవిడ ముందే అడిగింది గదయ్యా, చెప్పకపోయావా,” అంది.

“నేను చుట్ట తాగేవాణ్ణని నాకే తెలీదే,” అన్నాడు, కండువా నోటికి అడ్డం పెట్టుకుని.