ముక్కు సెలవులో ఉన్న రోజులు

మా వదిన పనిచేసే మందు షాపుకీ నా కళ్ళజోళ్ళ షాపుకీ మధ్య ఒక్కటే గోడ. వదిన అంటే మా ఆవిడకి స్వయానా అక్క. గోడ పల్చన, ఆవిడ గొంతు మందం. అందుకని పగలంతా నేను జనంచేత అక్షరాలు చదివిస్తూ, మధ్యమధ్యలో ఐరిష్ విస్కీ గురించి వింటూ ఉంటాను. ఒకసారి ఓ పెద్దావిడ నా బోర్డు మీద కింది వరస ఎంతకీ చదవలేక, "అక్కడేం రాసుందో కనబడట్లేదు గానీ నాయనా, పక్కన మాత్రం మాల్టు అంటున్నారు" అంది.

ఆ షాపులో అన్ని దేశాల సీసాలూ ఉంటాయి. కిటికీ పక్కనున్న ఐరిష్ అర మాత్రం వదిన రాజ్యం. అర ముందు కౌంటరు, కౌంటరు వెనక ఎత్తు స్టూలు, స్టూలు మీద ఆవిడ. వచ్చేపోయేవాళ్ళు ఆవిడకి పెట్టిన పేరు ముక్కు మేడం. ఆడమనిషి మందు అమ్మడమేమిటని చుట్టాల్లో కొందరు మూతి విరిచినప్పుడు, "అమ్మడమే కాదు, ఆదివారం ఆదివారం ఓ చిన్న పెగ్గు తాగుతాను కూడా. మీకూ పొయ్యమంటారా?" అని అడిగింది. ఆ తర్వాత ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. ఒక బాబాయిగారు మాత్రం చాటుగా వచ్చి పోయించుకున్నారు.

"ఏదైనా మంచిది ఇవ్వండి మేడం" అని ఎవరైనా అంటే ఆవిడకి హుషారు పుడుతుంది.

"మంచిదంటే మీ ఎదురింటాయనకి చూపించడానికా, మీరు తాగడానికా?"

"తాగడానికే."

"అయితే వినండి. బార్లీని నానబెట్టి, మొలకలొచ్చాక ఎండబెడితే మాల్టు. అచ్చంగా ఆ మాల్టుతోనే, ఒకే డిస్టిలరీలో, రాగి బానల్లో కాచి దించితే సింగిల్ మాల్ట్. మొలకెత్తినదానితోపాటు మొలకెత్తని బార్లీ కూడా వేసి అదే బానల్లో కాస్తే సింగిల్ పాట్ స్టిల్. అది వాళ్ళ సొంత విద్య. నాలిక మీద నూనెలా చిక్కగా పాకి, వెనకనుంచి మిరియంలా చురుక్కుమంటుంది. మొక్కజొన్నలాంటి గింజలతో, పొడుగాటి నిలువు గొట్టాల్లో కాస్తే గ్రెయిన్. అది తేలిక, కాస్త తియ్యన. వీటిలో రెండో మూడో కలిపితే బ్లెండ్. ఏదైనా సరే, కనీసం మూడేళ్ళు చెక్క పీపాలో పడుకోవాల్సిందే."

"ఐరిష్ దాంట్లో పొగ వాసన ఉండదంటారు కదండీ?"

"చాలావాటిలో ఉండదు. ఇదిగో, దీంట్లో ఉంటుంది. చిత్తడి నేలలోంచి తవ్విన పెళ్ళలు ఎండబెట్టి, కాల్చి, ఆ పొగలో మాల్టు ఆరబెట్టారు. ఎవరో చెప్పింది పట్టుకుని రాకండి. వాసన చూడండి."

వాసన చూడ్డానికి కౌంటరు మీద ఒక గుండ్రటి పళ్ళెం ఉంటుంది. అందులో వరసగా అయిదు చిన్న గాజు జాడీలు, ఒక్కోదాంట్లో ఒక్కో రకం. పక్కన నీళ్ళ జాడీ ఒకటి, చుక్క కలుపుకునేవాళ్ళ కోసం. ఏ జాడీ మీదా పేరుండదు. పేరు కనిపిస్తే మనుషులు ముక్కు మూసుకుని పేరునే వాసన చూస్తారని వదిన వాదన. కొనేవాళ్ళు అయిదూ చూసి, ఒకటి నచ్చిందంటే, దాన్ని ఆవిడ తన ముక్కు దగ్గర పెట్టుకుని, వెనక్కి తిరగకుండానే అరలోంచి ఆ సీసా తీసి ఇచ్చేది. షాపు ఓనరుకి ఈ పద్ధతి ఎప్పుడూ గుండె దడే. ఆయన లేబుళ్ళ మనిషి. లేబుళ్ళు కొట్టే మిషను ఒకటి కొని, టేబులు సొరుగుకి 'సొరుగు' అని, స్విచ్చికి 'స్విచ్చి' అని అంటించుకున్నాడు.

ఇలా నడుస్తుండగా వదినకి జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, ఒకరోజు ఆవిడ నా షాపులో కూర్చుని ఉండగా అద్దాలు తుడిచే స్పిరిట్టు సీసా నా చేతిలోంచి జారి పగిలింది. కళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని బయటికి పరిగెత్తారు. వదిన తాపీగా పత్రిక తిరగేస్తోంది.

"వదినా, మీకు వాసన రావట్లేదా?"

"నీకు నోరు ఎక్కువొస్తోంది. డాక్టరు చెప్పాడు, రావచ్చట, రాకపోవచ్చట. ఓనరుకి తెలిస్తే నన్ను వెనక గోడౌన్లోకి తోస్తాడు. పెట్టెలు సర్దుకుంటూ ఆ చీకట్లో కూర్చోవాలి. ఆ స్టూలు మీదనుంచి నేను దిగను మరిదీ. ఎవరికైనా చెప్పావంటే నీ సంగతి చూస్తాను."

చెప్పలేదు. ఆవిడ జాడీల్ని వరసక్రమం గుర్తుపెట్టుకుని నెట్టుకురావడం మొదలుపెట్టింది. ఎడమ చివర పొగది, కుడి చివర గ్రెయిన్. ఎవరైనా జాడీ చూపిస్తే తనూ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు అరమూసి, తల ఆడించి, సీసా తీసి ఇచ్చేది. నటన ఎంత బాగుండేదంటే, ముక్కున్న రోజుల్లో కూడా అంత బాగా తల ఆడించలేదు.

అప్పుడు ఓనరు కౌంటరు తుడిచాడు. ఆయన చేసిన నేరమంతా అంతే. తుడుస్తూ పళ్ళేన్ని అటు పక్కకి తిప్పాడు. ఎడమ చివరిది కుడి చివరికి, కుడి చివరిది ఎడమకి వెళ్ళాయి.

ఆ మధ్యాహ్నమే మా వీధి పళ్ళ డాక్టరు వచ్చాడు. ఇంటికి మామగారు వచ్చారని, ఆయనకి ఏదైనా మెత్తటిది కావాలని అడిగి, జాడీలు చూసి, ఎడమ చివరిది చూపించాడు. "ఇదే మేడం. ఇది బాగుంది." మునుపైతే వదిన వందరకాలుగా అడిగేది: ఎలా ఉంది, ఏం గుర్తొస్తోంది, తియ్యగా ఉందా, ఘాటుగా ఉందా అని. ఆ రోజు అడగలేదు. అడిగితే మాటల్లో ఎక్కడ దొరికిపోతానోనని భయం. తల ఆడించి, పొగ సీసా కాగితంలో చుట్టి ఇచ్చేసింది.

ఆ మామగారు ఫైరింజను మీద పనిచేసి రిటైరైన మనిషి.

మర్నాడు పొద్దున్న పక్కనుంచి ఆయన గొంతు వినబడింది. వదినది మందం అనుకున్నాను గానీ, ఆయన గొంతు ముందు అది ఈల. "ఎవరమ్మా ఇది ఇచ్చింది?" నేను ఒకాయనకి కుడి కన్ను మూసి, మూసినట్టే వదిలేసి అక్కడికి పరిగెత్తాను.

జరిగింది ఆయన నోటితోనే విన్నాం. సాయంత్రం కూతురు, అల్లుడు, వచ్చిన స్నేహితులు కూర్చున్నారు. అల్లుడు సీసా మూత తీసి గ్లాసుల్లో పోశాడు. ఫైరాయనకి పొగ వాసన తగిలింది. అంతే, మెయిన్ స్విచ్చి కట్టేశాడు, అందరినీ చేతులు పట్టుకుని వీధిలోకి లాగాడు, పై వాటాలో అద్దెకున్నాయన్ని తలకి షాంపూ నురగతో సహా దింపాడు. గోడ గోడకీ అరచెయ్యి ఆనించి వెతికాడు. చివరికి పొగ తన గ్లాసులోనే దొరికింది.

"పై వాటా అతను రాత్రంతా కళ్ళు మండి ఏడ్చాడండీ" అన్నాడు పక్కనే తలవంచుకున్న పళ్ళ డాక్టరు.

ఓనరు వందసార్లు క్షమించమని అడిగి, వదినకేసి తిరిగాడు. "మేడం, మీరు వాసన చూసే ఇచ్చారా?"

వదిన సీసాలు చుట్టే కాగితాన్ని మడతలు పెట్టసాగింది. ఉండబట్టలేక కౌంటరు మీదికి వంగాను. "ఎందుకండీ ఇంత గొడవ? జాడీ మారుంటుంది. నేను చూసి చెప్తాగా" అని చేతికి అందిన జాడీ తీసి గట్టిగా పీల్చాను. "ఆహా. చాలా సున్నితం. పూలు... తొలకరి... కాస్త తేనె కూడా."

"అది నీళ్ళు మరిదీ" అంది వదిన.

ఫైరాయన కూడా నవ్వాడు. ఆ నవ్వుతో వదినకి ఎక్కడలేని బలం వచ్చింది. స్టూలు మీద నిటారుగా సర్దుకుంది.

"నాకు వాసన రావట్లేదు. జ్వరం వచ్చినప్పట్నుంచీ. నిన్న వాసన చూడలేదు, చూసినట్టు నటించాను. తప్పు నాదే."

"ముందే చెప్పాలి కదా మేడం!"

"చెప్తే స్టూలు తీసేస్తారు కదా."

"తియ్యకుండా ఎలా? ముక్కు లేకుండా ఈ అర ముందు కూర్చుంటే జనం నవ్వరూ?"

"నవ్వనివ్వండి. ఇప్పుడు నవ్వారుగా, ఏం కొంప మునిగింది?" అని ఫైరాయన వైపు తిరిగింది. "సార్, నా ముక్కు సెలవులో ఉంది. మీ ముక్కు తెచ్చారా?"

"తెచ్చాను. ఏం?"

"కాసేపు పని చెయ్యనివ్వండి. మీరు వాసన చూసి చెప్పండి, ఏది ఏదో నేను చెప్తాను. పేర్లొద్దు. ఏం గుర్తొస్తే అది."

ఆయన కుడి చివరనుంచి మొదలుపెట్టి, మొదటి జాడీ తీసి, ముఖం దగ్గరికి రాకముందే వెనక్కి గెంతాడు. "ఇదే! దొంగ దొరికాడు!" వదిన దాన్ని పక్కన పెట్టింది. రెండోది చూసి, "బిస్కెట్ల డబ్బా మూత తీసినట్టుంది. తేనె లాగా కూడా" అన్నాడు. "మాల్టు" అంది. ఎడమ చివరి జాడీ దగ్గర ఆయన ముఖం మెత్తబడింది. "ఐస్‌క్రీం బండి పక్కన నిలబడ్డట్టుంది." "నిన్న నేను చూసింది అదే!" అన్నాడు అల్లుడు. "గ్రెయిన్. మీకు అందాల్సింది అది" అంది వదిన.

మిగిలిన రెండింటి దగ్గర పేచీ వచ్చింది. ఒకటి కొత్త చెప్పుల పెట్టెలా ఉందన్నాడు, రెండోదీ చెప్పుల పెట్టే గానీ కాస్త పాతదన్నాడు.

"చుక్క నాలిక మీద వేసుకోండి. జారిపోయిందా, కూర్చుందా?"

"మొదటిది కూర్చుంది. రెండోదీ కూర్చుందమ్మా. కొంచెం సర్దుకుని కూర్చుంది."

"మొదటిది పాట్ స్టిల్. రెండోది బ్లెండ్."

ఓనరు కౌంటరు కింద ఉన్న, జాడీలు నింపే శాంపిల్ సీసాలు తీసి, మూతలు విప్పి, జాడీలతో పోల్చి చాలాసేపు పీల్చాడు. పళ్ళ డాక్టరూ పీల్చాడు. నన్నెవరూ పీల్చమనలేదు.

"మేడం, ఆ రెండూ తారుమారు. రెండు తప్పులు."

"తప్పు ఒక్కటే. రెండు చోట్ల పడింది. ఆ బ్లెండులో పాట్ స్టిల్ వాటా బాగా ఎక్కువ. ముక్కున్నప్పుడు కూడా అక్కడ తడబడేదాన్ని. అప్పుడు మీరు అడగలేదు."

ఫైరాయన ఈ పేచీ ఏదీ పట్టించుకోలేదు. "ఇంతకీ నాకేది ఇవ్వాలో చెప్పమ్మా."

"నలుగురిలో తాగుతారా, ఒక్కరేనా?"

ఆయన అల్లుడి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ నాలుగు రోజులే. మా ఇంట్లో ఒక్కణ్ణే."

"అయితే పాట్ స్టిల్ పట్టుకెళ్ళండి. చిక్కగా ఉంటుంది, తొందరగా వదిలిపోదు. తోడుంటుంది."

ఆయన పట్టుకెళ్ళాడు. మూత తీసిన పొగ సీసా షాపు వెనక్కి తీసుకోదంటే, "ఉండనీ, ఇంట్లో ఫైర్ డ్రిల్లుకి పనికొస్తుంది" అన్నాడు. అల్లుడి ముఖం పాలిపోయింది.

వాళ్ళు వెళ్ళాక ఓనరు మెత్తగానే చెప్పాడు. "మీరంటే గౌరవమే మేడం. కానీ రేపట్నుంచి గోడౌన్." ఎవరికీ చెప్పకుండా తనే స్టూలు ఎత్తుకుని లోపల పెట్టేశాడు. ఎంత వేగంగా చేశాడంటే, దానికి 'స్టూలు' అని లేబులు అంటించడం కూడా మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మా వీధి జనం ఒక దృశ్యం చూశారు. ముందు చేతిసంచీ ఊపుకుంటూ మా వదిన. వెనక భోజనాల బల్ల కుర్చీ తలకిందులుగా నెత్తిన పెట్టుకుని నేను. "ఇల్లు మారుతున్నారా?" అని ఒకరు, "వేలంలో కొన్నారా?" అని ఇంకొకరు. "నడవరా మరిదీ, ఆగకు" అంటోంది ఆవిడ.

కౌంటరు వెనక కుర్చీ వేయించి కూర్చుంది. ఓనరు పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేంటి?"

"కుర్చీ. మీది కాదు. దీన్ని గోడౌన్లో పెట్టే హక్కు మీకు లేదు."

"నిన్న నేను చెప్పింది..."

"విన్నాను. పోయింది ముక్కు. చెవులు బాగానే ఉన్నాయి. మీ మిషనుతో అయిదు లేబుళ్ళు కొట్టి పట్రండి."

లేబుళ్ళ మాట వినగానే ఆయన కాళ్ళు వాటంతట అవే కదిలాయి. తెచ్చిన లేబుళ్ళని వదిన జాడీలకి అంటించింది, అయితే అడుగున. జనం వాసన చూసి, చెప్పి, ఎంచుకున్నాక తిప్పి చూసుకోవచ్చు. ఇక పళ్ళెం ఎటు తిరిగినా బాధ లేదు.

ఒక చిక్కొచ్చింది. స్టూలు ఎత్తు, కుర్చీ పొట్టి. లోపలికి వచ్చిన మొదటి మనిషికి కౌంటరు మీద కొప్పు తప్ప ఏమీ కనబడలేదు. "నా ముక్కు సెలవులో ఉంది. మీ ముక్కు తెచ్చారా?" అని కొప్పు అడిగేసరికి ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, సీలింగు వైపు, కిటికీ వైపు చూశాడు. తర్వాత వచ్చినావిడ వంగి కౌంటరు కింద చూసింది. వదిన కదిలితేనా! మధ్యాహ్నం దాకా కొప్పే అమ్మింది. వచ్చినవాళ్ళందరిచేతా వాసన చూపించింది, చెప్పించింది, సీసా కొనిపించింది. ఎవరూ ఉత్త చేతులతో పోలేదు.

ఓనరు తట్టుకోలేకపోయాడు. లోపలికి వెళ్ళి స్టూలు మోసుకొచ్చాడు. "ఎక్కండి మేడం, దండం పెడతాను. షాపు పరువు పోతోంది."

వదిన నిదానంగా లేచి, స్టూలు ఎక్కి, చీర సర్దుకుంది. ఓనరు కుర్చీ మీద చెయ్యి వేయబోతే ఆపింది. "అది కౌంటరు ముందు వేయండి. వాసన చూసేవాళ్ళు కూర్చోవాలి. ఇక పని వాళ్ళదే కదా."

ముక్కు ఇంకా సెలవులోనే ఉంది. కుర్చీ కూడా అక్కడే ఉంది. అది మా ఇంటి కుర్చీ అని చెప్పడం మరిచాను. భోజనానికి మా ఆవిడ, పిల్లలు కూర్చుంటారు, నేను నిలబడి తింటాను. తిరిగి అడుగుదామని రెండుసార్లు పక్క షాపుకి వెళ్ళాను. రెండుసార్లూ ఆవిడ నన్ను అందులోనే కూర్చోబెట్టి, జాడీ చేతికిచ్చి, ఏం గుర్తొస్తోందో చెప్పమంది. నీళ్ళ జాడీ మాత్రం నాకు అందకుండా అవతల పెట్టింది.