ముల్లు ఆడుతున్నంతసేపు

అబ్బో, ఏం వేషమని! రెండు పక్కలా వాల్‌నట్ చెక్క, ముందు లావుపాటి అల్యూమినియం మీటలు, మధ్యలో పసుపు దీపం వెలిగే రెండు అద్దాల కిటికీలు, వాటిలో పాట జోరుకు తగ్గట్టు లేచిపడే సన్నటి నల్ల ముళ్లు. లోపల మాత్రం నిన్నగాక మొన్న పుట్టిన సరుకే. ఫోన్లో పాట నొక్కితే తీగ లేకుండానే అందుకుంటుంది. మీట తిప్పినప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు కూడా పాతదానిలా ఉండాలని పనిగట్టుకుని చేయించిందేనట. సూరత్‌లో కొత్తగా తెరిచిన ఆ షోరూంలో మొదటిసారి ఆ ఆంప్లిఫయర్‌ని చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. అచ్చం ఇలాంటిదాన్నే మా అమ్మ పాత సామాన్లు కొనే భంగార్ బండివాడికి తూకానికి వేసింది. ఇప్పుడు ఆ రూపానికి వీళ్లు చెప్పే ధర వింటే, అమ్మ ఆ బండివాడి కోసం ఉధ్నా గల్లీలన్నీ గాలిస్తుంది.

ఒళ్లు మండిందన్నాను గానీ, కాళ్లు అక్కణ్నుంచి కదలలేదు. ఆ పసుపు వెలుతురు చూస్తుంటే ఈ ఊళ్లోనే డిండోలి పేటలో మా చిన్నప్పటి ఒంటిగది ఇల్లు గుర్తొచ్చింది.

నాయిన సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ సాంచెలు నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. పొద్దుటి షిఫ్టు దిగి, స్నానం చేసి, దువ్వుకున్న తలతో ఆ పాత సెట్టు ముందు కూర్చునేవాడు. ఎవరో వాడి అమ్ముకున్నదాన్ని ఆదివారం అంగడిలో కొన్నాడు. ఊరి నుంచి వచ్చేవాళ్లు తెచ్చిన క్యాసెట్లు పెట్టేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాటతో పాటు తానూ ఎత్తుకునేవాడు. శ్రుతీ లేదు, పాడూ లేదు. అయినా ఆ గొంతు నాకెంత ఇష్టమో!

మా ఇంట్లో పాట వినబడదు, నడుస్తుంది. సాంచ నడుస్తున్నది, మోటరు నడుస్తున్నది, పాట నడుస్తున్నది. నాయినకు అన్నింటికీ ఒకటే మాట. వంటగట్టు దగ్గరి నుంచి అమ్మ అరిచేది, "ఏందయ్యా, పాట నడుస్తున్నదా, బందైందా?" అని. నాయిన ముల్లు వైపు చూసి తలూపేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. సాంచెల మోతలో మాట వినబడదు గనక అక్కడ అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. ఆ అలవాటు నాయిన ఇంటికీ తెచ్చాడు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి నోరంతా తెరిచి చెప్పాలి. నేనూ అలాగే పెరిగాను. కాలేజీలో నా స్నేహితురాళ్లు నన్ను ఎంత ఆటపట్టించారో చెప్పలేను.

ఇప్పుడు నాయిన పని మానేశాడు. నేను హజీరాలో ఒక కంపెనీలో డ్రాయింగులు గీస్తాను. ఏడాదిగా ఇంట్లో ఒకటే గొడవ. "మీ నాయినకు చెవులు పోయినయే, నేను జెప్తే ఇనవు" అని అమ్మ. "మీ అమ్మ నోట్లనే గునుగుతది, నేనేం జెయ్యాలె" అని నాయిన. డాక్టరు దగ్గరికి రమ్మంటే మొండికేస్తాడు. నేను ఎప్పుడూ నాయిన పక్షమే. ఆయనకు వినబడాలని నాకుంది, అందుకని వినబడుతుందనే నమ్మాను. నాకు కావలసింది ఒక్కటే. ఆయన పక్కన కూర్చుని ఇద్దరం ఒకే పాట మళ్లీ వినాలి. టీవీ చప్పుడు, ఫోన్ చప్పుడు ఆయనకు పట్టవు సరే, ఇంత మంచి యంత్రమైతే ఎందుకు పట్టదు?

అందుకే ఒక ఆదివారం ఆయన్ని ఆ షోరూంకి తీసుకుపోయాను.

"బేసో కాకా, కూర్చోండి" అంటూ షోరూం అతను మెత్తటి సోఫా చూపించాడు. నాయిన కూర్చోలేదు. ముందు ఆ చెక్కను తడిమాడు, మీటను తిప్పి చూశాడు, తర్వాత నావైపు తిరిగి పిల్లాడిలా నవ్వాడు.

"గిది మనదే గదనే!"

"మనది కాదు నాయినా, కొత్తది."

"గట్లనా? జర పెట్టుమను."

నా ఫోన్లోంచి నాట్ల పాట ఒకటి పెట్టాను. ఏ పాటో ఆయనకు చెప్పలేదు, తానే గుర్తుపట్టాలని. దీపాలు వెలిగాయి, ముళ్లు లేచాయి, ఆ గదంతా ఆడవాళ్ల గొంతులతో నిండిపోయింది. నాయిన సోఫా అంచున కూర్చుని ముళ్లకు కళ్లప్పగించాడు. మోకాలి మీద వేళ్లతో తాళం మొదలైంది. "మంచిగ నడుస్తున్నది బిడ్డా" అన్నాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఇంటికెళ్లి అమ్మ నోరు ఎలా మూయించాలో అప్పుడే మాటలు కూర్చుకుంటున్నాను.

అంతలో షోరూం అతనికి ఫోన్ వచ్చింది. "ఒక్క నిమిషం బెన్" అని గుజరాతీలో అక్కను పిలిచినట్టు పిలిచి, ఆంప్లిఫయర్‌కి ఉన్న స్పీకర్ల స్విచ్ ఆపి, మూలకు పోయి మాట్లాడసాగాడు. పాట ఆగలేదు, స్పీకర్లు మాత్రమే మూగబోయాయి. లోపల పాట నడుస్తూనే ఉంది గనక ముళ్లు ఆడుతూనే ఉన్నాయి.

గదిలో ఏసీ గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నాయిన వేళ్లు ఆగలేదు. కళ్లు ముళ్ల మీదే, తల ఊగుతూనే ఉంది. ముఖంలో ఆ వెలుగు కూడా తగ్గలేదు. కాసేపటికి గొంతెత్తి పాడటం మొదలుపెట్టాడు. నేను పెట్టింది నాట్ల పాట. ఆయన పాడుతున్నది మరేదో, పాత క్యాసెట్లలోది.

అమ్మ చెప్పింది నిజమే. స్పీకర్లు ఆగాకే కాదు, పాట మొదలైనప్పటి నుంచీ ఆయనకు ఏమీ వినబడలేదు. ఎన్నాళ్లుగా ఇలా మా పెదాలు చూసి, ముళ్లు చూసి, నవ్వుతూ నెట్టుకొస్తున్నాడో! నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన చూస్తే అడుగుతాడని ముఖం అటు తిప్పుకున్నాను. ఆ గొంతు మాత్రం, శ్రుతీ పాడూ లేని ఆ గొంతు, చిన్నప్పటిలాగే ఉంది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆయన పాడగా వినడం ఇదే మొదటిసారి.

ముళ్లు కిందికి వాలిపోయాయి. నాయిన పాట ఆపేశాడు.

"అయిపోయింది బిడ్డా. ఇంకోటి పెట్టుమను."

ఫోన్ ముగించి వచ్చిన షోరూం అతను, అయ్యో అన్నట్టు స్పీకర్ల స్విచ్ మీదికి చెయ్యి చాచాడు.

"అది అలాగే ఉండనివ్వండి" అన్నాను. "పాట మాత్రం నా ఫోన్లో మారుస్తాను. కాస్త పొడుగ్గా ఉన్నది పెడతాను."